కొత్త ఇంట్లో పాతకాలపు క్రిస్మస్: మన సీమ ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

కొత్తగా కట్టుకున్న ఇంట్లో జరుపుకొనే మొదటి క్రిస్మస్‌కు పాతకాలపు అందం తేవాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: ఆ పాతకాలం ఎవరిది? ఫోనులో కనబడే బొమ్మల్లోని దూది మంచు, పొయ్యి పక్కన వేలాడదీసిన మేజోళ్లు, గళ్ల దుప్పట్లు మనవి కావు. డిసెంబరులోనూ మధ్యాహ్నం పూట ఫ్యాను తిప్పుకొనే కడపలో అవి నాటకం సామానులా కనబడతాయి. లండన్ మిషనరీ సొసైటీ వారు కడపలో 1822లో పని మొదలుపెట్టారు. ఆ తరువాత జమ్మలమడుగు, గుత్తి, నంద్యాల, కర్నూలు వంటి చోట్ల వేర్వేరు మిషన్లవారు బడులు, ఆసుపత్రులు, చర్చిలు, బంగళాలు కట్టారు. మందపాటి గోడలకు సున్నం, ఎత్తైన పైకప్పు, కిటికీలకు ఆకుపచ్చ రంగు వేసిన చెక్క రెక్కలు, వరండాలో లాంతరు, ఇవి ఆ కట్టడాల గుర్తులు. మరోవైపు పల్లెలో మన పెద్దల మట్టిమిద్దె ఉంది. అందులో బండపరుపు నేల, గోడలో దీపపు గూడు, మూలన భోషాణం ఉండేవి. మన పండుగ ఈ రెండు ఇళ్ల మధ్య పెరిగింది కనుక అలంకరణకు కావలసిన నమూనా కూడా అక్కడే దొరుకుతుంది.

మేము కడపలో కొత్త ఇంట్లోకి చేరింది ఒక నవంబరులో. గృహప్రతిష్ఠ ప్రార్థన ముగిసిన మరునాడే నేను బజారుకు వెళ్లి, పాతవాటిలా కనబడేటట్టు తయారుచేసిన సామాను సంచి నిండా కొనుక్కొచ్చాను. అవన్నీ అమర్చాక మా హాలు ఫోటో స్టూడియోలా తయారైంది. ఆ తప్పు నుంచి నేర్చుకున్నదే కింద రాస్తున్నాను. క్లుప్తంగా చెప్పాలంటే, మొదట వెలుగు మార్చాలి, తరువాత సొంత కుటుంబపు పాత వస్తువులను నాలుగైదింటిని బాగుచేసి తెచ్చుకోవాలి, మిగిలినవి చేతితో చేసుకోవాలి, కొనడం చిట్టచివరి పని.

మొదటి పని: వెలుగు

పని ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పడానికి చర్చి క్యాలెండరే చాలు. ఆగమన కాలం క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారంతో, అంటే నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య మొదలవుతుంది. ఆ ఆదివారం సాయంత్రం ఇంట్లో దీపాలన్నీ వేసి, వీధిలో నిలబడి మీ ఇంటిని ఒకసారి చూడండి. కొత్త ఇళ్లలో ఎక్కువగా ఉండేవి 6500 కెల్విన్ అని రాసి ఉన్న తెల్లని ఎల్ఈడీ బల్బులు. ఆ నీలి తెలుపులో ఇత్తడి పాలిపోతుంది, పాత టేకు బూడిద రంగుకు తిరుగుతుంది, తెల్లని టైల్సు నేల ఆసుపత్రి వరండాను గుర్తుకు తెస్తుంది. పెట్టె మీద 2700 లేదా 3000 అని ఉన్న వార్మ్ వైట్ బల్బులను హాలులోనూ, భోజనాల గదిలోనూ, వరండాలోనూ వేసుకుంటే సగం పని అయిపోయినట్టే. మా ఎలక్ట్రీషియన్ మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. ‘‘ఈ పసుపు లైట్లేస్తే ఇల్లంతా గుడ్డిగా ఉంటాదక్కా,’’ అని బల్బు మార్చిన ప్రతిసారీ అన్నాడు. వంటింట్లోనూ పిల్లలు చదువుకొనే చోటా అతని మాటే వినాలి. అక్కడ తెల్ల దీపాలను కదిలించనక్కరలేదు.

ఫాల్స్ సీలింగులో దాచిన దీపాల వరుసను పండుగ రోజుల్లో ఆర్పివేయండి. పాత ఇళ్లలో వెలుగు పైనుంచి గది అంతటా పరుచుకోదు. గూటిలోనో, బల్ల మీదనో, దూలానికో ఉన్న ఒక్క చోటు నుంచి వచ్చి, మూలల్లో నీడలు వదులుతుంది. అందువల్ల గదికి రెండు లేక మూడు చిన్న దీపాలను నడుము ఎత్తులో పెట్టడం మంచిది. వాటిలో ఒకటి తోలు దీపపు తొడుగైతే ఆ గదికి వేరే అలంకారం పెద్దగా అక్కరలేదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలును పలుచగా శుభ్రం చేసి, రంగులు వేసి, సన్నని రంధ్రాలు తొలిచి ఈ తొడుగులు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తొడుగు లోపల 5 వాట్లకు మించని ఎల్ఈడీ బల్బే వేయాలి, ఎందుకంటే వేడి తగిలితే తోలు ముడుచుకుపోతుంది, తడి తగిలితే మెత్తబడి వంకర పోతుంది.

రెండో పని: పాత ఇంటి నుంచి ఏవి తేవాలి

ఊరిలోని ఇంటికో, చిన్నాయన గారింటికో వెళ్లి అటక దించి చూసే రోజు ఇది. చూసినదంతా బండిలో ఎక్కించుకోవాలనిపిస్తుంది గానీ ఆగండి. మా అనుభవంలో కొత్త ఇంటి హాలు ఐదు పాత వస్తువులకు మించి భరించదు. ఒక పెద్ద వస్తువు, రెండు మధ్యరకం, రెండు చిన్నవి ఉంటే సరిపోతాయి. మేము తెచ్చుకున్నవి: జేజి (నాయనమ్మ) ట్రంకు పెట్టె, ఒక లాంతరు, ఒక ఇత్తడి గంగాళం, గులాబీపువ్వులు అనే పిండివంట చేసే అచ్చు, ఆమె బడిలో పంతులమ్మగా ఉన్నప్పటి ఒక ఫోటో. దేన్నయినా తెచ్చుకొనేముందు ఇంటి పెద్దలను అడిగి తెచ్చుకోవడం మర్యాద; పండుగ పూట ఇత్తడి బిందె కోసం మాటలు పడటం ఏ ఇంటికీ మంచిది కాదు.

చెక్క వస్తువును నేరుగా ఇంట్లోకి తేకూడదు. దాన్ని ఒక వారం పాటు బయట వరండాలో, కింద పాత తెల్లగుడ్డ పరిచి ఉంచండి. గుడ్డ మీద మైదాపిండి వంటి సన్నని పొడి రాలితే, చెక్కలో గుండుసూది తల అంత గుండ్రని రంధ్రాలు కనబడితే, పుచ్చుపురుగు ఇంకా బతికే ఉందని అర్థం. మట్టి దారులు కనబడితే అవి చెదలు. పుచ్చుకు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే కలపమందును సిరంజితో రంధ్రాల్లోకి ఎక్కించి, రంధ్రాలను మైనంతో మూసి, మరొక వారం కనిపెట్టి చూడాలి. చెదలు పట్టినదాన్ని, అది ఎంత మురిపెమైన భోషాణమైనా సరే, కొత్త తలుపులూ కిటికీలూ ఉన్న ఇంటికి తేవద్దనే నా సలహా.

ఇత్తడి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పాడుచేసేది దాన్నే. మైదుకూరు దగ్గరి వనిపెంట ఇత్తడి సామానుకు పేరుపడిన ఊరు. మన జిల్లాలో చాలా ఇళ్ల అటకల మీద అక్కడి బిందెలో, చెంబులో ఉంటాయి. చింతపండూ ఉప్పూ వేసి తోమితే నలుపు పోయి పసుపు తేలుతుంది గానీ, అద్దంలా మెరిసేదాకా తోమితే నిన్న కొన్న వస్తువుకూ దానికీ తేడా ఉండదు. ఉబ్బెత్తుగా ఉన్న చోట మాత్రమే తోమి, అంచుల కింద, చెక్కడపు గీతల్లో, చెవుల దగ్గర నలుపును అలాగే వదిలేస్తే వస్తువు వయసు కనబడుతుంది. తోమిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టాలి. తడి నిలిచిన చోట పచ్చని చిలుము పడుతుంది.

ఇక్కడ నా స్వంత బుద్ధితక్కువ పని ఒకటి చెప్పుకోవాలి. గంగాళాన్ని వంటింటి గట్టు మీద పెట్టి, చింతపండు గుజ్జు పూసి, ఫోను మోగితే అటు వెళ్లి అరగంట తరువాత వచ్చాను. గంగాళం తేటపడింది. దాని కింద, నున్నగా పాలిష్ పట్టించిన నల్లని కడప బండ మీద, గంగాళం అడుగు ఎంత ఉందో అంత గుండ్రంగా తెల్లని మచ్చ పడింది. కడప బండ సున్నపురాయి జాతికి చెందినది కనుక చింతపండు, నిమ్మరసం, వెనిగర్ ఏది తగిలినా పులుపు రాతి పైపొరను తినేస్తుంది. బేతంచర్ల బండకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఎంత తుడిచినా ఆ మచ్చ పోదు, మళ్లీ పాలిష్ పట్టించవలసిందే. అందుకని ఇత్తడి తోమే పని మిద్దె మీద, ప్లాస్టిక్ తొట్టిలో పెట్టుకోండి.

లాంతరును విప్పి, కిరసనాయిలు గిన్నెను సబ్బునీటితో రెండు మూడు సార్లు కడిగి, మూత తీసి రెండు రోజులు ఎండబెడితే వాసన పోతుంది. గాజు బుడ్డీకి ఎండిన ముగ్గుపిండి చల్లి, పాత వార్తాపత్రికతో లోపలా బయటా తిప్పుతూ తుడవాలి. జేజి అలాగే తుడిచేది, ఏ ద్రావకమూ అంత తేటగా తుడవదు. లోపల బ్యాటరీతో వెలిగే చిన్న దీపపు తీగను చుట్టగా పెట్టండి. తుప్పును ఉప్పుకాగితంతో కొద్దిగా రుద్ది, కొబ్బరినూనె రాసిన గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. కొత్త రంగు వేయవద్దు.

పాత గాజు బంతులు దొరికితే వాటిని నీటితో కడగకండి, పైరంగూ లోపలి వెండిపూతా లేచిపోతాయి. మెత్తని కుంచెతో దుమ్ము దులపడమే వాటికి చేయగల సేవ. పాత ఫోటోలకు స్టూడియోలో నకలు తీయించి, నకలునే చట్రంలో పెట్టి, అసలును బీరువాలో దాచుకోండి. అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను ఊడబీకితే బొమ్మ అద్దానికే మిగిలిపోతుంది కనుక, అద్దంతో సహా నకలు తీయించాలి.

మూడో పని: కాగితపు నక్షత్రం

బజారులో మడతపెట్టి అమ్మే నక్షత్రాలు చవక, అందంగానూ ఉంటాయి. అయినా ఇంటి ముందు వేలాడే ఒక్క నక్షత్రాన్నయినా వెదురుతో చేసుకోవాలని నా పట్టుదల. ఇద్దరు కూర్చుంటే ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది.

అరంగుళం వెడల్పు ఉన్న వెదురు బద్దలు 10 కావాలి, ఒక్కొక్కటి సరిగ్గా 2 అడుగులు. ప్రతి బద్దకూ రెండు చివరల నుంచి 9 అంగుళాలకు కాస్త పైన బొగ్గుతో గుర్తు పెట్టండి. ఐదు బద్దలను నేల మీద నక్షత్రంలా ఒకదాని మీద ఒకటి దాటేటట్టు పేర్చి, కొసలను నూలుదారంతో కట్టి, అవి దాటే చోట్లు బొగ్గు గుర్తుల మీదికే వచ్చేటట్టు సర్దితే ఐదు కోణాలూ సమానంగా వస్తాయి. గుర్తులు పెట్టకుండా కట్టినవాళ్ల నక్షత్రానికి ఒక కాలు తప్పకుండా పొట్టిదవుతుంది. ఇలాంటి చట్రాలు రెండు తయారయ్యాక, ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలనూ కలిపి కట్టండి. ఇప్పుడు 5 అంగుళాల పుల్లలు ఐదింటిని తీసుకొని, బద్దలు దాటే ఐదు లోపలి చోట్ల రెండు చట్రాల మధ్య నిలువుగా దూర్చి, ఎడం చేసి కట్టాలి. మూడో పుల్ల దాకా చట్రం పెనుగులాడుతుంది, ఐదోది పడేసరికి విల్లులా బిగిసి దానంతటదే నిలబడుతుంది.

కాగితం గాలిపటాలకు వాడేదే తెచ్చుకోండి. ముందూ వెనకా చెరి ఐదు కోణాలు, చెరొక నడిమి ముక్క, పక్కల్లో పది సన్నని త్రికోణాలు, మొత్తం 22 ముక్కలు. ప్రతి ముక్కకూ చుట్టూ వేలెడు కాగితం ఎక్కువ వదిలి కత్తిరించి, బద్ద చుట్టూ మడిచి అంటించాలి. మైదాను నీళ్లలో కలిపి, సన్నని మంట మీద గంజిలా ఉడికించిన జిగురు దీనికి సరిపోతుంది. వెనకటివాళ్లు పురుగు రాకుండా అందులో మైలుతుత్తం వేసేవారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. కింది రెండు కాళ్ల మధ్య ఒక పక్క త్రికోణాన్ని అంటించకుండా వదిలేస్తే అందులోంచి చేయి పెట్టి బల్బు మార్చవచ్చు, వేడి కూడా బయటికి పోతుంది. తెల్ల కాగితం మీద కోణాల అంచులకు మాత్రం ఎర్రకాగితపు పట్టీ వేస్తే, లోపల 3 లేదా 5 వాట్ల వార్మ్ వైట్ ఎల్ఈడీ వెలిగినప్పుడు దూరానికి లాంతరులా కనబడుతుంది.

దీన్ని సజ్జ కింద, వీధివైపుకు వేలాడదీయాలి. డిసెంబరులో ఈశాన్య రుతుపవనాల వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేము, వాన లేని రోజు కూడా తెల్లవారుజామున మంచు కాగితాన్ని మెత్తబరుస్తుంది. పై అంతస్తు కోసం పిల్లర్ల మీద వదిలిన ఇనుప కమ్మీలకు కరెంటు తీగను చుట్టే అలవాటు మన ఊళ్లో చాలామందికి ఉంది. గాలికి ఊగి ఊగి తీగ తొడుగు కోసుకుపోతే కమ్మీకి కరెంటు పాకుతుంది. బరువు తాడు మోయాలి, తీగ వదులుగా ఉండాలి.

నాలుగో పని: చెట్టు, పశువులపాక

ప్లాస్టిక్ చెట్టుకు ముందు మన ఇళ్లలో చెట్టు అంటే సరుగుడు కొమ్మే. దొరికితే 20వ తేదీ తరువాతే తెచ్చుకోండి, అది వారం తిరగకముందే ఎండి రాలుతుంది. ఇత్తడి గంగాళం లోపల ప్లాస్టిక్ బక్కెట్టు పెట్టి, ఇటుకముక్కలతో కొమ్మను బిగించి, తడి ఇసుక నింపితే చెట్టు ఒరగదు, ఇత్తడికి చిలుమూ పట్టదు. సరుగుడు దొరకకపోతే ఎండిన వేప కొమ్మకు రెండు పూతలు సున్నం కొట్టి నిలబెట్టండి. నిజానికి నాకు ఇదే ఎక్కువ ఇష్టం. సున్నపు గోడ ముందు తెల్లని కొమ్మ, దానికి నాలుగే వస్తువులు. గులాబీపువ్వుల అచ్చు, పాత గజ్జెలు, కుటుంబానికి వచ్చిన పాత గ్రీటింగ్ కార్డులు, పిల్లలు చేసిన రంగుకాగితపు గొలుసులు వేలాడదీస్తే చాలు. చెట్టు మీద కొవ్వొత్తి ఎట్టి పరిస్థితుల్లోనూ వెలిగించకూడదు.

పశువులపాకను మొదట కట్టి చూపించింది అస్సీసీ ఫ్రాన్సిస్. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో ఆయన నిజమైన ఎద్దునూ గాడిదనూ నిలబెట్టి ఆ దృశ్యం ఏర్పాటు చేశాడు. అసలు ఆలోచనే అక్కడి పల్లె వస్తువులతో చేయడం కనుక, మనం జొన్నసొప్పతో పాక కట్టడం దానికి దగ్గరగానే ఉంటుంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కడప బండ ముక్కను అడుగున వేసి, సొప్ప దంట్లను జానెడు పొడవున కోసి గోడలు కట్టి, పైన వరిగడ్డి కప్పండి. 14వ తేదీ ప్రాంతంలో పళ్లెంలో మట్టి పోసి రాగులు, ఆవాలు చల్లి రోజూ నీళ్లు చిలకరిస్తే, పండుగ నాటికి పాక ముందు పచ్చని పైరు ఉంటుంది. పిల్లలకు ఈ పని అప్పగించండి, మిగిలిన అలంకరణ జోలికి రారు. బాలయేసు బొమ్మను 24వ తేదీ రాత్రి ఆరాధన నుంచి వచ్చాకే తొట్టిలో ఉంచాలి. ముగ్గురు జ్ఞానులను మొదట ఇంట్లో ఏదో దూరపు కిటికీలో పెట్టి, రోజుకొక గది చొప్పున నడిపించి, జనవరి 6కు పాక దగ్గరికి చేర్చే ఆచారం మా పక్కింటి కథోలిక కుటుంబం నుంచి మేము నేర్చుకున్నాము.

గోడలు, బల్ల

కొత్త గోడలకు మేకులు కొట్టే ముందు ఆలోచించండి. సిమెంటు పూత ఇంకా పచ్చిగా ఉంటే మేకు చుట్టూ బీటలు వారుతుంది, రంగు పొక్కుతుంది. కిటికీ కడ్డీలకూ తలుపు చట్రాలకూ నూలుదారం కట్టి మామిడాకుల తోరణాలనూ కార్డులనూ వేలాడదీయవచ్చు. ధర్మవరం పట్టుచీర పాతదేదైనా ఉంటే కత్తిరించకుండా మడిచి, అంచు మాత్రం కనబడేటట్టు ట్రంకు పెట్టె మీద పరిస్తే చాలు. బల్ల మీద కజ్జికాయలు, నిప్పట్లు, గులాబీపువ్వులు ఇత్తడి పళ్లేల్లో పెట్టవచ్చు. పులుసు, పెరుగు మాత్రం కళాయి లేని ఇత్తడిలో పోయకూడదు. కొవ్వొత్తి మైనం బండ మీద కారితే గట్టిపడేదాకా ఆగి, పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే గీతలు పడకుండా లేచి వస్తుంది.

దించి దాచడం

జ్ఞానులు పాక చేరిన మరునాడు అన్నీ దించండి. గాజు బంతులను ఒక్కొక్కదాన్ని పాత నూలుగుడ్డలో చుట్టి, ట్రంకు పెట్టెలో పైవరుసలో పెట్టాలి. ఎండిన వేపాకు మూటలు నాలుగు మూలలా వేయాలి. ఇత్తడిని పూర్తిగా ఆరాకే చుట్టాలి. నక్షత్రానికి ఉన్న కాగితం ఎంత బాగున్నా చింపేయవలసిందే, మైదా జిగురు వాసనకు బొద్దింకలు, ఎలుకలు చేరి కాగితంతో పాటు దారాలను కూడా కొరికేస్తాయి. ఒట్టి చట్రాన్ని తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, అటకలో మేకుకు వేలాడదీయండి. మా చట్రానికి మూడేళ్లుగా కాగితమే మారుతోంది, వెదురు అదే.